క్యాటలిస్టులు చెప్పే ఏఐ: మూడు నెలలు వాడాక

జీడిమెట్లలో ఒక చిన్న ప్రాసెస్ ల్యాబులో పనిచేస్తాను. ఏ క్యాటలిస్టు (రియాక్షన్‌ను వేగంగా నడిపించే పదార్థం) వాడాలో, ఏ కండిషన్లు పెట్టాలో చెప్పే ఏఐ సాఫ్ట్‌వేర్ ఒకటి మూడు నెలలుగా వాడుతున్నాం. పేరు వద్దులెండి. ఐదుకి మూడు స్టార్లు.

మాది సుజుకి కప్లింగ్, అంటే పల్లాడియం క్యాటలిస్టుతో రెండు అణువుల్ని అతికించే రియాక్షన్. అందులో ఒక ముడిసరుకు ఆరైల్ క్లోరైడు మొండిది, పల్లాడియం 2 మోల్ శాతం (వంద అణువుల ముడిసరుకుకు రెండు) వేస్తే గానీ కదలదు. సాయంత్రానికి ఫ్లాస్కు గోడలకు కాటుక పట్టించినట్టు పల్లాడియం బ్లాక్. అంత ఖరీదైన లోహం అలా మసైపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పైగా మందుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ లెక్కన నోటి మందుల్లో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. దాన్ని తీసెయ్యడం మళ్లీ ఇంకో తలనొప్పి.

మొదటి వారం నవ్వొచ్చింది. పల్లాడియం మానేసి నికెల్ వాడమంది. చవకే, కాదనను. కానీ అది చెప్పిన నికెల్ కాడ్ అనే నికెల్ పదార్థం గాలి తగిలితే పాడైపోతుంది, గాలి తగలకుండా పనిచేసుకునే గ్లవ్‌బాక్స్ మాకు లేదు. రెండో సలహా మా పాత పద్ధతే. "గిది పోయినేడే చేసి వదిలేసినం కదా తమ్మీ" అన్నారు మా సీనియర్ సార్. మూడోది గది ఉష్ణోగ్రత దగ్గర చెయ్యమంది. మే నెలలో మా షెడ్డులో గది ఉష్ణోగ్రతంటే ఏంటో దానికెవరు చెప్పాలి!

తప్పు పూర్తిగా దానిది కాదు. అది చదివిందంతా అచ్చయిన పేపర్లు, పేటెంట్లు. సరిగ్గా వచ్చిన రియాక్షన్ల గురించే అందరూ రాస్తారు, నల్లబడ్డ ఫ్లాస్కు గురించి ఎవరు రాస్తారు? అందుకే మా పాత నోటుబుక్కులు దించి, ఫెయిలైన 61 రియాక్షన్లు ఎక్కించాను. సాల్వెంటు పడి సిరా అలుక్కుపోయిన పేజీల్లో అంకెలు వెతుక్కోవడానికే రెండు శనివారాలు పోయాయి.

అప్పట్నుంచి దారికొచ్చింది. రోజుకు నాలుగు ప్రయోగాలు చెబుతుంది, ఫలితాలు పెడితే మర్నాటి నాలుగూ మార్చుకుంటుంది. నాలుగింట్లో మూడు, మంచి ఫలితం వచ్చిన చోటు పక్కనే; ఒకటి మేమెప్పుడూ తొక్కని చోట. వచ్చిన ఫలితాల్ని బట్టి అంచనా మార్చుకుంటూ పోయే బేసియన్ పద్ధతట. ఇదే పద్ధతి మీద ప్రిన్స్‌టన్ వాళ్లు 2021లో నేచర్‌లో పేపర్ వేశారు. వాళ్ల కోడు ఉచితం, పైథాన్ వచ్చిన కుర్రాడుంటే డబ్బు కట్టే ముందు అది వాడి చూడండి.

23వ ప్రయోగం ఆ తొక్కని చోటుదే. ఎక్స్‌ఫాస్ అనే లిగాండ్ (పల్లాడియాన్ని పట్టుకుని ఉండే అణువు), పొటాషియం ఫాస్ఫేట్, పల్లాడియం అర శాతం, నీళ్లు మాత్రం నేను పోసేదానికి మూడింతలు. రెండో ముడిసరుకు బోరోనిక్ యాసిడ్ చెడిపోతుందన్న భయంతో నేనైతే జన్మలో అన్ని నీళ్లు పోసేవాణ్ని కాదు. ముడిసరుకు ఎంత మారిందో చూపే హెచ్‌పీఎల్‌సీ మెషీన్లో కన్వర్షన్ 94 శాతం వచ్చింది. అది చూడకముందే ఫ్లాస్కు ఎత్తి లైటుకు పట్టాను. తేనె రంగు, గోడకు మసి లేదు.

ఇంకో మూడు నెలలకు కట్టాం. ఒక స్టార్ సపోర్టు వాళ్లకు కోశాను, మెయిల్ పెడితే నాలుగో రోజుకు జవాబొస్తుంది. రెండోది, చెప్పే లిగాండ్ మన దగ్గరుందో లేదో అడగనందుకు. ఒకటి ఆర్డరు పెడితే ఐదు వారాలకు దిగింది. ఈలోపు అది మనసు మార్చుకుంది. ఆ గ్రాము సీసా సీలు కూడా తియ్యకుండా ఫ్రిజ్‌లో ఉంది.