ఆడవాళ్ళ పాదానికి అమరిన సైక్లింగ్ షూస్: బరంపురం రోడ్ల మీద వాడి చూశాక

నేను వాడుతున్నవి ఆడవాళ్ళ పాదం కొలతతోనే తయారైన టూరింగ్ రకం, అంటే పోటీలకి కాకుండా తిరగడానికి వేసుకునే సైక్లింగ్ షూస్. అడుగున రెండు బోల్టుల క్లీట్, అంటే పెడల్‌కి తగులుకుని పాదాన్ని పట్టి ఉంచే చిన్న ముక్క, బిగించుకోవచ్చు. ముందు లేసులు, వాటి మీద ఒక వెల్క్రో పట్టీ, కింద రబ్బరు అంటించిన నైలాన్ సోల్, ముదురు ఆకుపచ్చ రంగు. బరంపురం ఎండలూ వానలూ, గోపాలపురం ఉప్పుగాలీ అన్నీ తిన్నాక ఇప్పుడు రాస్తున్నాను. కొన్న వారానికి రాస్తే అన్నీ బాగానే ఉంటాయి, మడమ దగ్గర గుడ్డ అరిగాక అసలు సంగతి బయటపడుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ మోడళ్ళు ఏడాది రెండేళ్ళకే మారిపోతుంటాయి. మన పాదానికి ఏం కావాలో తెలిస్తే ఎవరి షూ అయినా తొడిగి చూసి తేల్చుకోవచ్చు.

వీటికి ముందు నా దగ్గర ఉన్నది మగవాళ్ళ షూలో దొరికిన అన్నిటికన్నా చిన్న సైజు. పొడవు సరిపోయింది. బాధంతా మడమ దగ్గరే. ఆడవాళ్ళలో చాలామందికి పాదం ముందు భాగంతో పోలిస్తే మడమ సన్నగా ఉంటుంది, మీగాలు ఎత్తు తక్కువ. మగవాళ్ళ కొలతతో చేసిన షూలో ఆ మడమ నిలవదు. పెడల్ పైకి వచ్చే ప్రతిసారీ మడమ లేచి పడుతుంది, కాసేపటికి చర్మం ఒరుసుకుపోతుంది. అది ఆపడానికి పట్టీ బిగిస్తాం. బిగిస్తే మీగాలి మీద నరాలు నొక్కుకుంటాయి. దానికి తోడు పెడల్ ఒత్తిడంతా బొటనవేలి వెనక ఉన్న మెత్తటి భాగం మీదే పడుతుంది. ఎండలో పాదం కాస్త వాస్తుంది కూడా. దిగపహండి చేరేసరికి చిటికెన వేలు, పక్క వేలు తిమ్మిరెక్కి, అరికాలు మండేది. కాలు తీసి విదిలిస్తే తగ్గేది, మళ్ళీ తొక్కితే మళ్ళీ అదే. సైకిల్ తొక్కే నా స్నేహితుల్లో ఒకామెకి ఇదే బాధ ఉంటే, ఆమె తన కాళ్ళలోనే ఏదో లోపం ఉందనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. కాళ్ళలో ఏ లోపమూ లేదు. షూ మారాక తిమ్మిరి పోయింది.

ఇప్పటి జతలో మడమ భాగం సన్నగా, లోతుగా ఉంది. లేసు వదులుగా కట్టినా మడమ లేవదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మడమ నిలిస్తే ముందు వేళ్ళకి చోటు వదలొచ్చు, మీగాలు నొక్కాల్సిన పని ఉండదు. తప్తపాణి ఘాట్ ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి తొక్కినా పాదం లోపల జారదు. కార్బన్ సోల్ ఉన్న రేసు షూస్ అంత గట్టిగా ఉండవు ఇవి, నిజమే. పోటీలకి వెళ్ళేవాళ్ళకి అది కావాలేమో గానీ, ఆదివారం పొద్దున తప్తపాణి దాకా వెళ్ళి వేడినీటి కుండం దగ్గర దిగి నాలుగడుగులు వేసే మనిషికి ఈ నైలాన్ సోల్ చాలు.

సైజు విషయంలో మాత్రం సెంటీమీటర్లనే నమ్మండి. యూరప్ కొలతలో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా 6.67 మిల్లీమీటర్లు. మనం చెప్పుల షాపులో చెప్పే యూకే నంబర్లలో అదే తేడా 8.47 మిల్లీమీటర్లు. అందుకే ఈ రెండూ ఎక్కడా కచ్చితంగా కలవవు. ఆడవాళ్ళ యూకే 5ని మామూలుగా 38 అంటారు, కానీ రెండు కంపెనీల 38లు పక్కపక్కన పెడితే వేరుగా ఉంటాయి. సాయంత్రం, రోజంతా నడిచాక, సైకిల్ మీద వేసుకునే సాక్సే వేసుకుని, మడమ గోడకి ఆనించి కాగితం మీద నిలబడి గీత గీయండి. రెండు పాదాలూ కొలవండి. పెద్ద పాదం కొలతే లెక్క. నా పాదం 24 సెంటీమీటర్లకి కొంచెం తక్కువ, ఎడమది కుడిదానికన్నా పెద్దది.

దొరకడం పెద్ద తంటా. బరంపురంలో పిల్లల సైకిళ్ళ షాపులున్నాయి, గేర్ సైకిళ్ళ షాపులున్నాయి, క్లీట్ బిగించే షూస్ మాత్రం ఆడవాళ్ళ సైజులో కనపడలేదు. విశాఖ వెళ్ళినప్పుడు ఒక పెద్ద షాపులో అడిగితే, "ఆడవాళ్ళు కొనరు మేడమ్, అందుకే తెప్పించం" అన్నారు. పెట్టనిది ఎలా కొంటాం? చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, సరిపడకపోతే వెనక్కి పంపి, మళ్ళీ తెప్పించుకోవాల్సి వచ్చింది. మామూలు స్పోర్ట్స్ షూకి పెట్టే డబ్బుకి రెట్టింపు పెట్టి, తొడిగి చూడకుండా కొనమనడం అన్యాయం. కనీసం 36 నుంచి 40 దాకా ఒక్కో జత షాపులో ఉంచితే చాలు, ఊళ్ళో మేమే వెళ్ళి కొంటాం.

రోడ్డు రేసు షూస్‌కి మూడు బోల్టుల ప్లాస్టిక్ క్లీట్ సోల్ బయటికి పొడుచుకుని ఉంటుంది. దాంతో కిరాణా కొట్టు మెట్లెక్కడం కూడా కష్టమే. రెండు బోల్టుల రకాన్ని షిమానో అనే సైకిల్ భాగాల కంపెనీ 1990లో తెచ్చింది, దాన్నే ఎస్పీడీ అంటారు. చిన్న ఉక్కు ముక్క సోల్ గాడిలో దాక్కుంటుంది కాబట్టి మామూలుగా నడవొచ్చు. మన రోడ్లకి ఇదే సరైనదని నా గట్టి నమ్మకం. కోర్టుపేట దగ్గర ఆటో అడ్డం వస్తుంది, టాటా బెంజ్ స్క్వేర్ దగ్గర ఆవు అడ్డం వస్తుంది, పాదం పెడల్ నుంచి వెంటనే ఊడి రావాలి. దానికి ఎస్‌హెచ్56 అనే క్లీట్ బాగుంటుంది. మామూలు ఎస్‌హెచ్51 మడమ పక్కకి తిప్పితేనే వదులుతుంది, ఇది మరికొన్ని దిక్కుల్లో లాగినా వదిలేస్తుంది. పెడల్ షిమానో ఈహెచ్500, ఒక వైపు క్లీట్‌కి, ఇంకో వైపు మామూలు చెప్పులకి. ఊళ్ళో ట్రాఫిక్‌లో చదును వైపు తొక్కుతాను, హైవే ఎక్కాక తిప్పి క్లీట్ తగిలిస్తాను. టెన్షన్ లేదు.

క్లీట్‌ని కాస్త వెనక్కి జరిపి బిగించాక వేళ్ళ మీద ఒత్తిడి ఇంకా తగ్గింది. చిన్న పాదాలున్నవాళ్ళు ఇది తప్పక చేసి చూడండి. నాలుగు మిల్లీమీటర్ల ఎలెన్ కీ చాలు. బోల్టులకి గ్రీజు రాయడం మరిచిపోవద్దు. గోపాలపురం బీచ్ రోడ్డు మీద ఇసుక, ఉప్పుగాలి కలిసి ఆ బోల్టుల్ని తుప్పు పట్టించేస్తాయి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో అడుగు కడిగి, తుడిచి, ఒక్క చుక్క నూనె వేస్తాను.

లోపాలు రెండు. మొదటిది వేడి. పైన జాలీ తక్కువ, మే నెలలో తొమ్మిది దాటాక లోపల కాలు ఉడికిపోతుంది. రెండోది వాన. ఒకసారి తడిస్తే మర్నాటికి కూడా ఆరవు. ఎండలో పెడితే జిగురు ఊడుతుందని, లోపల న్యూస్ పేపర్ ఉండలు కుక్కి, తడిసిన కాగితం మారుస్తూ ఫ్యాను కింద పెడతాను. లోపలి ఇన్సోల్ కూడా పలచటిదే. దాన్ని తీసేసి పాదం వంపుకి ఆసరా ఉన్నది విడిగా కొని వేసుకున్నాను, దాంతో మోకాలికీ హాయిగా ఉంది.

మడమ దగ్గర లోపలి గుడ్డ చిరిగితే మా వీధి చివర చెప్పులు కుట్టే తాతకి ఇచ్చాను. ఆయనది టెక్కలి వైపు. షూ తిరగేసి క్లీట్ చూసి, "ఏటమ్మా, ఈ ఇనప ముక్కేటి?" అన్నాడు. పెడల్‌కి తగిలించేదని చెప్పాను. లోపల బొటనవేలు పెట్టి మడమ చుట్టూ నొక్కి చూసి, "గుడ్డే పోనాది, లోన గట్టిగానే ఉంది, బెంగ నేదు" అన్నాడు. పలచటి తోలు ముక్క అంటించి చుట్టూ కుట్టాడు. ఆ తర్వాత అక్కడ ఒరుసుకోలేదు.

అందం సంగతీ చెప్పాలి, నాకు అది ముఖ్యమే. ఆడవాళ్ళవంటే చాలా వరకు లేత గులాబీ రంగే పెడుతున్నారు. నాకు గులాబీ మీద కోపం లేదు, ఇంకో రంగు కూడా ఉండాలి కదా. ఈ ముదురు ఆకుపచ్చ చుడీదార్ మీదకీ జీన్స్ మీదకీ నప్పుతుంది, మట్టి కనపడదు. ఆఫీసుకి ఇవే వేసుకుని వెళ్తే ఎవరూ సైకిల్ షూస్ అనుకోలేదు, ఎక్కడ కొన్నావని అడిగారు. లేసు ముడి మాత్రం పట్టీ కిందకి దోపుకోవాలి, లేకపోతే కుడి కాలి లేసు చైన్లో పడుతుంది.

ఈ జత పూర్తిగా అరిగితే మళ్ళీ ఇదే కొలత, ఇదే రకం మడమ చూసి తీసుకుంటాను. వేళ్ళ మీద జాలీ ఎక్కువగా ఉన్నది దొరికితే రంగు విషయంలో సర్దుకుపోతాను.