ఆటోమేటిక్ కారు కొనేవాళ్లకు హెచ్చరిక: ఎర్రర్ కోడ్స్ చెరిపేసి అంటగడుతున్నారు

సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. లోపం వస్తే కారు కంప్యూటర్ దాచిపెట్టుకునే గుర్తులే ఎర్రర్ కోడ్స్. అవి చెరిపేస్తే హెచ్చరిక లైటూ ఆరిపోతుంది.

హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ కారు కొన్నాం. టెస్ట్ డ్రైవ్‌లో బండి వెన్నలా సాగింది, డాష్‌బోర్డు మీద ఒక్క లైటూ వెలగలేదు. కొన్న కొద్దిరోజులకే ఔటర్ రింగ్ రోడ్డు మీద 70 స్పీడులో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటే కారంతా వణకడం మొదలైంది. డీలర్‌కి ఫోన్ చేస్తే "స్పార్క్ ప్లగ్స్ మార్పించండి సార్, పోతుంది" అన్నాడు. మార్పించాం, డబ్బులు పోయాయి గానీ వణుకు పోలేదు.

అసలు సంగతి ఇంకో మెకానిక్ తేల్చాడు. వెనక బండ్లు లేని చోట, వణుకు వస్తుండగా యాక్సిలరేటర్ అలాగే ఉంచి ఎడమ కాలితో బ్రేక్‌ని ఊరికే తాకాడు. బ్రేక్ తాకగానే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా బిగించి కలిపేది) విడిపోతుంది. వణుకు ఆ క్షణమే ఆగిపోయింది. ఇంజిన్‌లో మిస్‌ఫైర్ (ఇంధనం సరిగా మండకపోవడం) అయితే అలా ఆగదట, అంటే లోపం ఆ క్లచ్ దగ్గరే.

తర్వాత స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కి (కారు కంప్యూటర్‌కి కనెక్ట్ అయ్యే సాకెట్‌కి) కోడ్స్ చదివే స్కానర్ పెట్టాడు. కోడ్స్ చెరిపాక నడిచిన దూరం 412 కిలోమీటర్లని చూపించింది. డెలివరీ తీసుకున్నాక మేం తిరిగింది 400 కిలోమీటర్లు. అంటే కారు మా చేతికి ఇచ్చే ముందే చెరిపేశారు! అడిగితే, బ్యాటరీ కూడా తీయలేదని (తీసినా కొన్ని కార్లలో ఆ లెక్క సున్నా అవుతుంది) ఒప్పుకున్న డీలర్ "కండిషన్ చూసుకునే కదా సంతకం పెట్టారు" అని చేతులు దులుపుకున్నాడు. కుటుంబం మొత్తం తిరగాల్సిన కారు ఇది, మనసు రగిలిపోయింది. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం.

మీరు మాత్రం మెకానిక్‌ని, స్కానర్‌ని వెంట తీసుకెళ్లండి. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్స్ వరకే చదువుతాయి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని చదివేది కావాలి. చెరిపాక నడిచిన దూరం మరీ తక్కువుంటే కారణం అడగండి. బ్యాటరీ తీసినా కొన్ని కార్లలో అది సున్నా అవుతుంది, కానీ బ్యాటరీ మార్చిన బిల్లు చూపించాలి కదా.

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి ఎన్ (న్యూట్రల్) నుంచి డి (డ్రైవ్), ఎన్ నుంచి ఆర్ (రివర్స్) వేయండి. ధన్‌మని కుదుపు వచ్చినా, గేర్ పడటానికి రెండు మూడు సెకన్లు ఆలస్యమైనా ఆ బండి వదిలేయండి.