పాయింట్లా, నేరుగా మూడు నెలల సస్పెన్షనా: ఏది మేలు?

ఇద్దరూ చేసింది ఒకటే తప్పు, బండి నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకోవడం. ఒకరు బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉండే మా మేనల్లుడు, మరొకరు హైదరాబాద్‌లో మా వీధి చివర ఆటో నడిపే అన్న. ఇద్దరికీ లైసెన్స్ పోయింది. పోయిన దారులు మాత్రం పూర్తిగా వేరు.

మేనల్లుడి సంగతి ముందు చెప్తాను. ఎర్ర లైటు దగ్గర కారు ఆగి ఉంది. దారి చూసుకుందామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. పక్కన పోలీసు బండి. "మామా, కారు ఆగే ఉంది కదా" అంటాడు వాడు. అక్కడి చట్టానికి ఆ తేడా లేదు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా నడుపుతున్నట్టే లెక్క. 200 పౌండ్ల జరిమానా, లైసెన్స్ మీద 6 పాయింట్లు, అంటే తప్పు చేసినప్పుడల్లా లైసెన్స్ రికార్డులో చేరే తప్పుల లెక్క. మామూలుగా మూడేళ్లలో 12 పాయింట్లు చేరితేనే కనీసం ఆరు నెలల నిషేధం. కానీ టెస్ట్ పాసై రెండేళ్లు నిండని వాళ్లకు 6 చేరినా చాలు, లైసెన్స్ రద్దు. వాడు పాసై పద్నాలుగు నెలలే. మళ్లీ మొదటి నుంచి రావాలి: ప్రొవిజనల్ లైసెన్స్ (మన లెర్నింగ్ లైసెన్స్ లాంటిది), థియరీ పరీక్ష, రోడ్డు పరీక్ష. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన లైసెన్స్ అక్కడ స్థిరపడ్డాక 12 నెలలే చెల్లుతుంది కాబట్టి అదీ అక్కరకు రాలేదు. కొత్తగా వెళ్లిన మన పిల్లలు చాలామందికి ఈ 6 పాయింట్ల సంగతి తెలియదు. ఇళ్లలో ఎవరైనా అక్కడ ఉంటే ఈ ఒక్క ముక్కా ఫోన్ చేసి చెప్పండి.

ఇక ఆటో అన్న. పదిహేనేళ్లుగా ఆటోయే జీవనం. ఇంటి నుంచి కాల్ వస్తే ఎత్తాడు, మలుపులో పట్టుబడ్డాడు. మన మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది. అలాంటి కేసుల్లో పోలీసులు లైసెన్స్ తీసుకుని ఆర్టీఏకి పంపొచ్చు. సెల్‌ఫోన్, సిగ్నల్ జంపింగ్, అతివేగం, తాగి నడపడం లాంటి వాటికి కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. హెల్మెట్ లేకపోయినా, బైకు మీద ముగ్గురెక్కినా మూడు నెలల అనర్హత చట్టంలోనే రాసి ఉంది. అన్న చేతికి మూడు నెలల నోటీసు వచ్చింది. ఆ కాగితాన్ని మడతపెట్టి ఖాకీ చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు, కనబడిన వాళ్లందరికీ తీసి చూపించేవాడు. ఆటో ఫైనాన్స్ కిస్తీ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

పదేళ్లు సాఫీగా నడిపిన లండన్ టాక్సీ డ్రైవరు ఇదే తప్పు చేస్తే 6 పాయింట్లు పడతాయి, లైసెన్స్ చేతిలోనే ఉంటుంది. ఇంకోసారి ఇలా చేస్తే బతుకుతెరువు పోతుందని అతనికి లెక్క కళ్లముందు కనిపిస్తుంది. మొదటి తప్పుకీ పదో తప్పుకీ తేడా చూపించే పద్ధతి అది. అందుకే మామూలు తప్పుల విషయంలో నా ఓటు పాయింట్లకే.

అయితే మన దగ్గర పాయింట్లు పెట్టి చూడలేదా అంటే, చూశాం. తెలంగాణలో 2017 ఆగస్టులో మొదలుపెట్టారు. రెండేళ్లలో 12 పాయింట్లు దాటితే ఏడాది సస్పెన్షన్ అన్నారు. అది నిలదొక్కుకోలేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదీ: మన ఈ-చలానా పడేది బండి నంబరుకి, పాయింటు పడాల్సింది మనిషికి. మొన్న నా ఫోన్‌కి చలానా మెసేజ్ వచ్చింది. ఫొటో తెరిస్తే బైకు నాదే, మీద కూర్చుంది మా తమ్ముడి కొడుకు. డబ్బు నేను కట్టేశాను, వాడి లైసెన్స్ మీద గీత కూడా పడలేదు. అదే బ్రిటన్‌లో అయితే కెమెరాకి దొరికిన బండి యజమానికి నోటీసు వస్తుంది, నడిపింది ఎవరో 28 రోజుల్లో రాసి పంపాలి. పంపకపోతే యజమానికే 6 పాయింట్లు. నడిపిన వాళ్ల వివరం యజమాని చెప్పాలనే నిబంధన మన చట్టంలోనూ 133వ సెక్షన్‌గా ఉంది. కానీ చలానా కట్టేటప్పుడు ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా వాడు ఈపాటికి హెల్మెట్ పెట్టుకునేవాడు.

తాగి నడపడం దగ్గర మాత్రం పాయింట్ల లెక్క నాకు సమ్మతం కాదు. బ్రిటన్ కూడా అక్కడ పాయింట్ల కోసం ఆగదు, మొదటిసారికే కనీసం ఏడాది నిషేధం. మన పరిమితి ఇంకా కఠినం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇంగ్లండ్‌లో అది 80. దొరికితే మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ. లైసెన్స్ ఆపే అధికారం కోర్టుకూ ఉంది. దాన్ని సడలించమని అడిగే మొహం ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా.

నోటీసు వచ్చిన వాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోండి. సస్పెండ్ చేసే ముందు మీ మాట వినాలని చట్టం చెబుతోంది, కాబట్టి పిలిచిన రోజు తప్పకుండా వెళ్లి మీ పాత రికార్డు చూపించండి. ఆర్డరు వచ్చేస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఈలోగా బండి మాత్రం తీయొద్దు. సస్పెన్షన్‌లో ఉండి నడిపితే మూడు నెలల వరకు జైలు లేదా 10,000 జరిమానా. ఆటో అన్న అప్పీలుకి వెళ్లలేదు, గడువు దాటిన తర్వాతే అలాంటిది ఒకటుందని ఆయనకి తెలిసింది.