పాత వీలునామా మార్చాలంటే ఏది మేలు: కోడిసిలా, కొత్త వీలునామానా?

వీలునామా రిజిస్టరైతే ఇక దాన్ని కదిలించడానికి లేదన్న మాట తిరుపతిలో ఇప్పటికీ వినబడుతుంది. అది తప్పు. రాసినవారు బతికి, తెలివిలో ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 62వ సెక్షన్‌లోనే ఆ హక్కు ఉంది. సెటిల్‌మెంటు దస్తావేజు రాసిచ్చినవాళ్ళకు ఇంత వెసులుబాటు ఉండదు, ఆస్తి ఆ రోజే చేయి దాటుతుంది. వీలునామా అలా కాదు కాబట్టే పెద్దవాళ్ళు దాన్ని ఇష్టపడతారు. కానీ మార్చే పద్ధతి సరిగ్గా లేకపోతే పోయాక పిల్లలు కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

చాలామందికి మొదట తోచేది పెన్ను తీసి కొట్టేయడం. ‘పెద్ద కుమారుడు’ అని ఉన్నచోట గీత గీసి, పైన కూతురి పేరు రాస్తారు. ఆ దిద్దుబాటు దగ్గర రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు లేకపోతే 71వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. గీత కింద అక్షరాలు కనబడుతున్నంతవరకూ కొట్టేసిన పేరే నిలుస్తుంది. ఈ దారి వద్దే వద్దు.

చించేయడమో కాల్చేయడమో చట్టం ఒప్పుకున్న దారే. 70వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. షరతు ఏమంటే రాసినవారే చించాలి, లేదా వారు చెప్పగా వారి కళ్ళెదుటే ఇంకొకరు చించాలి, రద్దు చేయాలన్న ఉద్దేశంతోనే చించాలి. మీరు వేలూరు ఆసుపత్రిలో ఉండి, ఇంట్లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి ‘బీరువాలో ఉంది, చించెయ్ నాయనా’ అంటే సరిపోదు. రిజిస్టరైన వీలునామా అయితే ఇంకో చిక్కు. దాని నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామాలు ఎక్కించే 3వ పుస్తకంలో ఉండిపోతుంది, రాసినవారు పోయాక ఎవరైనా అర్జీ పెట్టి తీసుకోవచ్చు. అసలు కాగితం మీరే చించారని, కావాలనే చించారని అప్పుడు ఎవరు రుజువు చేయాలి? రిజిస్టరు కాని ఒకే ఒక్క ప్రతి ఉండి, ఆస్తి అందరికీ సమానంగా పోతే చాలు అనుకునేవాళ్ళకు ఇది పనికొస్తుంది. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే ఆయన సొంత ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లి ఉంటే తల్లికి సమానంగా వస్తుంది. మిగతావాళ్ళకు ఈ దారి సరిపోదు.

ఇక అసలు పోటీ కోడిసిల్‌కూ కొత్త వీలునామాకూ మధ్యే. కోడిసిల్ అంటే పాత వీలునామాకు తగిలించే చేర్పు పత్రం. ‘ఫలానా తేదీన రాసిన వీలునామాలో ఈ ఒక్క అంశం మారుస్తున్నాను, మిగతాదంతా యథాతథం’ అని రాస్తారు. చిన్న కాగితం, పని తేలిక అని చాలామంది దీనివైపు మొగ్గుతారు. నిజానికి పనిలో తేడా ఏమీ లేదు. దీనికీ ఇద్దరు సాక్షులు కావాలి, వీలునామాకూ అంతే. స్టాంపు కాగితం దీనికీ అక్కర్లేదు, దానికీ అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ రెండింటికీ ఐచ్ఛికమే.

తేడా తెలిసేది తర్వాత, తగాదా వచ్చినప్పుడు. వీలునామాను కోర్టులో నిలబెట్టాలంటే సాక్షుల్లో బతికున్నవారు, రాగలిగినవారు కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. కోడిసిల్ రాసి ఉంటే పాతదానికీ రుజువు కావాలి, దీనికీ కావాలి. ఇరవై ఏళ్ళనాటి సాక్షులు ఈపాటికి ఎక్కడున్నారో, ఉన్నారో లేరో. కొత్త వీలునామా అయితే కొత్త సాక్షులిద్దరితోనే పని. మీకంటే వయసులో చిన్నవాళ్ళను, ఊళ్ళో ఉండేవాళ్ళను, ఆస్తిలో వాటా లేనివాళ్ళను పెట్టుకోండి.

కొత్తదే మేలని నేను గట్టిగా చెబుతాను. అయితే అందులో రద్దు మాట ఉండి తీరాలి. ఒకాయనకు తిరుపతిలో ఇల్లు, చంద్రగిరి దగ్గర మూడెకరాల మామిడితోట ఉన్నాయనుకుందాం. మొదటి వీలునామాలో ఇల్లు పెద్దోడికి, తోట చిన్నోడికి రాశాడు. తర్వాత మనసు మారింది. ఇల్లు కూతురికి ఇచ్చి, తోట కొడుకులిద్దరూ పంచుకోవాలనుకున్నాడు. రెండో వీలునామాలో ఇల్లు సంగతి మాత్రం రాసి, తోట గురించి నోటిమాటగా చెప్పి ఊరుకున్నాడు. పాతదాన్ని రద్దు చేస్తున్నట్టు ఎక్కడా లేదు. అప్పుడు రెండూ కలిపి చదువుతారు, పొసగనిచోట మాత్రమే కొత్తది పాతదాన్ని తోసేస్తుంది. ఇల్లు కూతురికి పోతుంది, తోట మొత్తం చిన్నోడికే నిలుస్తుంది. పెద్దోడికి ఏమీ మిగలదు.

ఇది జరగకుండా ఆపేది ఒక్క వాక్యం. ‘ఇదివరలో నేను వ్రాసిన వీలునామాలు, కోడిసిళ్ళు అన్నింటినీ, ముఖ్యంగా ఫలానా తేదీన ఫలానా నంబరుగా రిజిస్టరైన వీలునామాను, ఇందుమూలముగా పూర్తిగా రద్దుపరచుచున్నాను. ఇదియే నా కడపటి వీలునామా.’ పాతదానికి ‘బదులుగా’ అని రాసి వదిలేయకండి, రద్దు అన్న మాటే పెట్టమనండి. దస్తావేజు రాసేవారి దగ్గర సిద్ధంగా ఉన్న నమూనాలో ఈ వాక్యం ఉందో లేదో సంతకానికి ముందు మీరే చదవండి, చదవలేకపోతే చదివించుకోండి.

కొత్తది రాయడంలో మన దిక్కువాళ్ళకు ఇంకో లాభం ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు రాసిన కాగితాల్లో చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి అన్నీ చిత్తూరు జిల్లాగానే ఉంటాయి. అంతమాత్రాన పాత వీలునామా చెడిపోదు. ఆస్తి ఏదో తెలుస్తుంటే వివరంలో పొరపాటును పక్కనపెట్టమని 78వ సెక్షన్ చెబుతోంది. కానీ భూముల రీసర్వే జరిగిన ఊళ్ళలో సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. కొత్త వీలునామా షెడ్యూలులో పాత సర్వే నంబరు, కొత్త ఎల్‌పీ నంబరు, హద్దులు, సెంట్లతో సహా విస్తీర్ణం అన్నీ రాయించుకోవచ్చు. కోడిసిల్‌లో అదంతా ఎవరూ తిరిగి రాయరు.

వీలునామా అమలు చేయాల్సిన మనిషిని మార్చడం, కొత్తగా కొన్న ప్లాటు ఒకటి చేర్చడం లాంటి వాటికి కోడిసిల్ చాలు, అదీ మొదటి సాక్షులు అందుబాటులో ఉంటేనే. రెండో కోడిసిల్ అవసరం పడిందంటే కొత్త వీలునామా రాసేయండి.

కొత్తది రాశాక పాతదాన్ని ఆ పూటే చించేయకండి. కొత్తదానిలో సాక్షి సంతకం లాంటి లోపం ఉండి అది చెల్లకపోతే, అందులోని రద్దు మాట కూడా చెల్లదు. అప్పుడు ఆధారం పాతదే. ఇంకొకటి గుర్తుంచుకోండి. కొత్తది నచ్చక దాన్ని రద్దు చేసినంత మాత్రాన పాతది తనంతట తాను బతికి రాదు. 73వ సెక్షన్ ప్రకారం ఆ పాతదానిమీద మళ్ళీ సాక్షుల ఎదుట సంతకం చేయాలి, లేదా దాన్నే పునరుద్ధరిస్తున్నానని కోడిసిల్ రాయాలి.