పిల్లికిచ్చిన వెండి మెడపట్టీ కోసం అలయన్స్ దాకా

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వర స్వామి గుడికి వెళ్లేవాళ్లలో పిల్లులంటే ప్రాణం పెట్టేవాళ్లు ఉంటే, దర్శనమయ్యాక ఇంకో గంటన్నర కారు నడపండి. ఒహాయో రాష్ట్రంలో అలయన్స్ అనే చిన్న ఊళ్లో అచ్చంగా పిల్లుల చరిత్రకే ఒక మ్యూజియం ఉంది. పేరు ఫీలైన్ హిస్టారికల్ మ్యూజియం. 1906లో మొదలైన, జాతి పిల్లుల వివరాలు నమోదు చేసే క్యాట్ ఫాన్సియర్స్ అసోసియేషన్ ప్రధాన కార్యాలయం ఉన్న భవనమే అది. టికెట్ లేదు.

నేను వెళ్లింది కోజీ అనే పిల్లి మెడపట్టీ చూడ్డానికి. 1895 మేలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జేమ్స్ హైడ్ అనే ఇంగ్లీషాయన పిల్లుల పోటీ పెట్టాడు. అమెరికాలో మొదటి పెద్ద పోటీ అదే. అందులో అన్నిటికన్నా మేలైన పిల్లిగా గెలిచింది కోజీ. గోధుమ రంగు మీద నల్లచారలున్న ఆడపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినది, పొడుగు బొచ్చుండే మెయిన్ కూన్ అనే అమెరికన్ జాతి. బహుమతిగా దానికి వెండి మెడపట్టీ, పతకం ఇచ్చారు. కప్పయితే యజమాని అలమరలోకి పోయేది. ఇది గెలిచిన పిల్లి మెడకే పెట్టగలిగే బహుమతి! అద్దం వెనక ఆ పట్టీ చుట్టుకొలత చూస్తుంటే కోజీ మెడ ఎంతుండేదో కళ్లకు కట్టింది. నాకు ఏ పెద్ద కప్పూ ఇంత నచ్చలేదు.

ఆ తర్వాత పర్షియన్ పిల్లుల మోజు పెరిగి, మెయిన్ కూన్ పిల్లులు చాలా ఏళ్లు వెనకబడ్డాయి. అందుకే ఈ పట్టీకి అంత విలువ. కోజీ గెలిచిన పోటీకి 24 ఏళ్ల ముందే, 1871 జులై 13న, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు పోటీ పెట్టి, ఏ పిల్లిలో ఏం చూడాలో నియమాలూ రాశాడు. ఆ ప్యాలెస్ 1936లో కాలిపోయింది. ఆ కాలం వస్తువు ఒక్కటి కళ్లముందు కనబడితే మనసు నిండిపోతుంది.

మ్యూజియం చిన్నదే, గంటన్నర చాలు. పిల్లలకైతే చెయ్యెత్తి పిలిచే జపాన్ బొమ్మపిల్లులు బాగా నచ్చుతాయి. తెరిచి ఉండే రోజులు, వేళలు మారుతుంటాయి. ఫోన్ చేయకుండా బయల్దేరకండి.

బస మాత్రం అలయన్స్‌లో వద్దంటాను. హైవే పక్క ఒక మోటెల్‌లో దిగితే, పొగతాగని గది అని చెప్పి ఇచ్చిన గదిలో సిగరెట్ కంపు. మార్చమంటే ఖాళీ లేదన్నారు. అరగంట దూరంలో కాంటన్ బెల్డెన్ విలేజ్ వైపు మంచి హోటళ్లు చాలా ఉన్నాయి, మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లినా అక్కడే దిగుతాను. శాకాహారులకు అలయన్స్‌లో పిజ్జా తప్ప పెద్దగా దొరకలేదు. గుడి క్యాంటీన్‌లో పులిహోర కట్టించుకుని బయల్దేరితే ఏ బాధా లేదు.

రైలు గురించి అడిగేవాళ్లకు: వాషింగ్టన్, చికాగోలను కలిపే ఆమ్‌ట్రాక్ రైలు ఇక్కడ ఆగుతుంది గానీ, అటూ ఇటూ కూడా అర్ధరాత్రి దాటాకే. కుటుంబంతో అయితే కారే నయం. దీనికోసమే కాలిఫోర్నియా నుంచి విమానం ఎక్కమని చెప్పను. పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు మాత్రం ఒక పూట తప్పకుండా కేటాయించండి.