పిల్లల ప్రయాణానికి కన్సెంట్ లెటర్ నోటరీ చేయించేవాళ్లు ఇది చదవండి

మా పాపకి 11 ఏళ్లు. వేసవి సెలవుల్లో మా అక్కా బావలతో జర్మనీ వెళ్లాల్సింది. నేను విజయవాడలో ఉంటాను, మా ఆయన ఉద్యోగం దోహాలో. అమ్మానాన్నలిద్దరూ వెంట లేకుండా పిల్ల వెళ్తోంది కాబట్టి, ఇద్దరి కన్సెంట్ లెటర్ నోటరీ చేయించి వీసా కాగితాలతో పెట్టమన్నారు.

కోర్టు దగ్గర ఒక జిరాక్స్ షాపులో అడిగాను. "సార్ ఇక్కడ లేకపోయినా పర్లేదు మేడమ్, సంతకం పెట్టి వాట్సాప్‌లో పంపమనండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. 1,500 తీసుకున్నాడు. ఆయన పంపిన సంతకాన్ని కలర్ ప్రింటుగా 100 రూపాయల స్టాంపు పేపరు మీదకి ఎక్కించాడు, పక్కన నాతో సంతకం పెట్టించాడు. గంటలో సీలు వేయించి తెచ్చాడు. నోటరీ లాయరు గారి ముఖం కూడా నేను చూడలేదు. రిజిస్టరులో సంతకం పెట్టమని ఎవరూ అడగలేదు. కింద ఇంగ్లీషులో "ఇద్దరూ నా ఎదుట సంతకం చేశారు" అన్న అర్థంతో ఒక లైను ఉంది. అది చదివాను. అపాయింట్‌మెంట్ దగ్గర పడిందన్న టెన్షన్‌లో ఊరుకున్నాను. ఆ తప్పు నాదే.

అక్కావాళ్లకి వీసా వచ్చింది. పాపకి రాలేదు. ఇచ్చిన పత్రాలు నమ్మదగ్గవిగా లేవన్న కారణానికి టిక్కు పెట్టి పంపారు. మళ్లీ ఫైలు తీసి చూస్తే నాకే అర్థమైంది. ఆయన పాస్‌పోర్టు కాపీలో జనవరిలో ఇండియా వదిలిన ముద్ర ఉంది, తర్వాత తిరిగొచ్చిన ముద్ర లేదు. మా లెటరేమో ఆయన ఏప్రిల్‌లో విజయవాడలో సంతకం పెట్టారంటోంది.

వీసా ఫీజు 45 యూరోలు తిరిగి రాదు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఈ తిరస్కారం షెంగెన్ (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) రికార్డుల్లో 5 ఏళ్లు ఉంటుంది. రేపు బ్రిటన్ వీసాకి అప్లై చేసినా, ఏ దేశమైనా వీసా కాదన్నదా అని ఫారంలో అడుగుతారు. ఏ తప్పూ చేయని పిల్ల ఆ ప్రశ్నకి అవునని రాయాలి. అది తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు.

నోటరీ పని ఎదురుగా ఉన్న మనిషి ఎవరో గుర్తింపు కార్డు చూసి, తన ముందే సంతకం పెట్టించుకుని, రిజిస్టరులో ఎక్కించడం. మనిషి రానక్కర్లేదని ఎవరన్నా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. సీలు మీద నోటరీ పేరు, ఏ ప్రాంతానికి నియమించారో చదవగలిగేలా ఉండాలి. రిజిస్టరు నంబరు, తేదీ కాగితం మీద వేయించుకోండి. మాకిచ్చిన సీలులో పేరు సిరా అలికేసి ఉంది.

మీవారు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటే ఆయన వంతు లెటరు అక్కడే, మన ఎంబసీలోనో కాన్సులేటులోనో అటెస్ట్ చేయించాలి. మా ఆయన తర్వాత ఒకరోజు సెలవు పెట్టి, పాస్‌పోర్టు పట్టుకెళ్లి, దోహాలోని ఎంబసీలో సంతకం పెట్టి వచ్చారు. అసలు కాగితం ఊరికి వస్తున్న వాళ్ల చేతికిచ్చి పంపారు. ఈ పని ముందే చేసి ఉంటే పాప ఇప్పుడు వాళ్ల పెద్దమ్మతో ఉండేది.

ఇంకో మాట. పిల్లల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిచ్చే అనెక్షర్-డి కి నోటరీ అక్కర్లేదు. 2016 డిసెంబరు నుంచి అది తెల్లకాగితం మీద సొంత డిక్లరేషన్ మాత్రమే. దానికీ స్టాంపు పేపరు కావాలని డబ్బు లాగే షాపులున్నాయి, ఇవ్వకండి.

నోటరీ తప్పు చేస్తే, ఆయన్ని నియమించిన ప్రభుత్వానికి ఫిర్యాదు చేయొచ్చని నోటరీల రూల్స్‌లోనే ఉంది. నేను రాస్తున్నాను. దసరా సెలవులకి పాప వీసాకి మళ్లీ అప్లై చేస్తున్నాం, ఈసారి పాత లెటరు ఎలా తయారైందో దాచకుండా ఒక వివరణ జతచేసి.