అందరూ చూసే మ్యాపా, కొందరికే తెరిచే మ్యాపా?

విపత్తులో, యుద్ధంలో చిక్కుకున్నవాళ్లు ఫోన్‌లో పంపే కబుర్లను ఆన్‌లైన్ మ్యాప్ మీద పెట్టడం 2008 జనవరిలో కెన్యాలో మొదలైన ‘ఉషాహిది’ వెబ్‌సైట్‌తో బాగా పేరులోకి వచ్చింది. ఎన్నికల తర్వాత రేగిన హింస ఎక్కడెక్కడ జరుగుతోందో జనమే అందులో నమోదు చేశారు. అలాంటి మ్యాప్ లోకమంతటికీ కనిపించాలా, సహాయ సంస్థలకు మాత్రమేనా అన్నది అప్పటినుంచీ నలుగుతున్న ప్రశ్న.

బహిరంగ మ్యాప్ బలం కరీబియన్ దేశమైన హైతీలో తెలిసింది. 2010 జనవరి 12 భూకంపం తర్వాత 4636 నంబరుకు జనం ఉచితంగా ఎస్సెమ్మెస్‌లు పంపారు. అవి ఎక్కువగా అక్కడి భాష హైతీ క్రియోల్‌లో ఉండేవి. పరదేశాల్లో స్థిరపడ్డ హైతీయులు కూర్చుని అనువదించారు, సందేశంలో చెప్పిన చోటు ఎక్కడుందో పోల్చుకున్నారు. తలుపులు మూసిన పద్ధతిలో అంతమంది చెయ్యి వేయడం కష్టం. అయితే ఒక మాట: మ్యాప్ మీద చుక్క పడినంత మాత్రాన సాయం అందినట్టు కాదు. తిండి, నీళ్లు కావాలన్న సందేశాలు కుప్పలుగా వచ్చాయి. వాటన్నిటికీ బదులిచ్చే నాథుడేడీ?

లిబియాలో లెక్క మారిపోయింది. 2011లో అక్కడ అంతర్యుద్ధం నడుస్తుండగా ఐక్యరాజ్యసమితి మానవతా సహాయ విభాగం కోరిక మీద స్వచ్ఛంద కార్యకర్తలు మ్యాప్ కట్టారు. భూకంపానికి పగ ఉండదు, అప్పటి పాలకుడు గడాఫీ సైన్యానికి ఉంది. అదే మ్యాప్‌ను వాళ్లూ తెరిచి చూడగలరు. అందుకని పూర్తి మ్యాప్‌కు పాస్‌వర్డ్ పెట్టి, జనానికి మాత్రం వివరాలు తీసేసి, 24 గంటలు ఆలస్యంగా చూపించారు. ఈ జాగ్రత్తకూ మూల్యం ఉంది. ఈ పూట ఏ దారిన పారిపోవాలో తేల్చుకోవలసిన కుటుంబానికి నిన్నటి సమాచారం ఏం పనికొస్తుంది?

పాస్‌వర్డ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. విడిపోయిన కుటుంబాలను కలిపే రెడ్‌క్రాస్ పనికి సంబంధించి 5,15,000 మందికి పైగా వివరాలు సైబర్ దాడికి గురైనట్టు 2022 జనవరిలో బయటపడింది. అసలు మామూలు ఎస్సెమ్మెస్‌కు పంపినవాడి నుంచి అందుకునేవాడి దాకా ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవలేకుండా సంకేతాల్లోకి మార్చడం) రక్షణ ఉండదు, ఎవరు ఎవరికి పంపారో టెలికాం కంపెనీకి తెలుస్తుంది. ఆ కంపెనీ ప్రభుత్వం గుప్పిట్లో ఉంటే, మ్యాప్‌ను ఎంత మూసినా పంపినవాడు దొరికిపోవచ్చు.

కాబట్టి నేనైతే ఒక్కటే చూస్తాను: ఈ కబురు పంపినవాణ్ణి వెతికేవాడు ఉన్నాడా? లేడంటే, వరదలోనో భూకంపంలోనో, బహిరంగ మ్యాపే మేలు, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి. ఉన్నాడంటే మూసిన మ్యాపే, ఆలస్యమైనా సరే. పోరు నడుస్తున్న చోట వరద వస్తే దాన్నీ పోరుగానే లెక్కపెట్టాలి. ఆసుపత్రులు, నీటి ట్యాంకుల విషయంలో మాత్రం నాకు ఇంకా తేలలేదు. బాధితులకు వాటి చిరునామా తెలియాలి, బాంబు వేసేవాడికి తెలియకూడదు. ఆ రెండూ ఒకే మ్యాప్‌తో కుదరవు.